ఓర్క్‌ల వైపు కాగితం



పోయిన రెండు భాగాలు సిలబస్ గురించి రాశాను. ఈసారి ఒక ఆట గురించి. పెద్ద పోస్టే. చాయ్ పెట్టుకొని కూర్చోండి.

1985లో ఇంగ్లండులో అచ్చయి చాలా ఏళ్ళుగా ఏ దుకాణంలోనూ దొరకని ఒక అట్టపెట్టె కోసం నేనూ, నా డిగ్రీ విద్యార్థులు నలుగురైదుగురూ కలిసి దాదాపు ఏడాది వెతికాం. తెలుగు మేడమ్‌కి ఈ బొమ్మలాటల పిచ్చి ఏమిటని స్టాఫ్‌రూములో నవ్వారు. నవ్వనీ. తాళపత్రం కోసం వెతికితే పరిశోధన, పాచికలాట పుస్తకం కోసం వెతికితే పిచ్చి. ఆ తేడా ఎవరు పెట్టారో నాకైతే ఎవరూ చెప్పలేదు.

మాది బొగ్గుబాయిల ప్రాంతం. కాలేజీలో సగం మంది పిల్లలు సింగరేణి ఇళ్ళ నుంచి వస్తారు. బీకాం చదివే ఒక పిల్లవాడు 'టోటల్ వార్: వార్‌హామర్' అనే కంప్యూటర్ ఆట ఆడతాడు. అది 2016లో వచ్చింది. ఒకరోజు క్లాసు అయ్యాక ఫోనులో పాత మ్యాపు ఒకటి చూపించాడు. "మేడమ్, ఇది యూరపు లెక్కనే ఉన్నది చూడుండ్రి. ఇటు తూర్పుకు ఇండ్ అని రాసిండ్రు. గది మన దేశమే గదా? మరి మనోళ్ళ ఫౌజు ఏది? ఆడుదామంటే ఒక్కడు లేడు."

ఆ ప్రశ్నతోనే అంతా మొదలైంది. కంప్యూటర్ ఆటకి ముందు బల్ల మీద ఆడే ఆట ఉండేదని అతనికి తెలుసు. దానికి పుస్తకాలు ఉండేవని తెలుసు. ఆ పుస్తకాల్లో ఇండ్ గురించి ఏముందో చూడాలని అతని కోరిక. చూడగా చూడగా తేలింది ఇది: 1983 నుంచి 2015 వరకు నడిచిన ఆ ఆటలో ఎల్ఫులకీ, డ్వార్ఫులకీ, ఎలుక మనుషులకీ, నడిచే శవాలకీ సైన్యం పుస్తకాలు వచ్చాయి గానీ, ఇండ్‌కి ఒక్కటీ రాలేదు. మ్యాపులో పేరుంది, వేయి దేవుళ్ళ దేశమని ఒక బిరుదుంది. అంతే. మా పిల్లవాడు నిట్టూర్చి, "అండ్ల గూడ మనకు దేవుళ్ళే ఇచ్చిండ్రు" అన్నాడు.

తెలియనివాళ్ళ కోసం ఆట గురించి కొంచెం చెప్తాను. వార్‌హామర్ మొదటి ముద్రణ 1983లో వచ్చింది. బ్రయాన్ ఆన్సెల్, రిచర్డ్ హాలివెల్, రిక్ ప్రీస్ట్‌లీ రాశారు. పెట్టెలో మూడు చిన్న పుస్తకాలు. సిటడెల్ అనే కంపెనీ సీసం కలిసిన లోహంతో వేలెడంత బొమ్మలు పోసి అమ్మేది. ఇంట్లో ఉన్న బొమ్మలతో ఏదో ఒక ఆట ఆడుకోవాలి గదా, ఆడితే ఇంకా కొంటారు గదా, అందుకు పుట్టాయి ఆ నిబంధనలు. వ్యాపారం కోసం పుట్టినదే, దాచుకునేదేమీ లేదు. భోజనాల బల్లంత స్థలం. బొమ్మల్ని వరసల్లో నిలబెడతారు. అంగుళాల టేపుతో కొలిచి ముందుకు జరుపుతారు. కలబడ్డప్పుడు పాచికలు. ఇద్దరి నేర్పూ సమానమైతే దెబ్బ తగలడానికి 4 గానీ ఆపైన గానీ పడాలి. బలమూ, ఎదుటివాడి గట్టితనమూ సమానమైతే గాయం కావడానికి మళ్ళీ 4 పైన. అంటే 20 మంది కొడితే సుమారు 10 దెబ్బలు తగులుతాయి, 5 గాయాలవుతాయి. ఆ తర్వాత ఎదుటివాడికి కవచం ఉంటే దానికో పాచిక. చివరికి, ఓడిన దళం నిలబడుతుందా పారిపోతుందా అన్నదానికి రెండు పాచికలు కలిపి వేసి, ధైర్యం అంకెతో పోలుస్తారు.

1987లో వచ్చిన మూడో ముద్రణలో ప్రతి ప్రాణికీ ఇలాంటి 12 అంకెలు ఉండేవి. నడక, కత్తి నేర్పు, గురి, బలం వంటివాటితో పాటు తెలివి, నిబ్బరం, మనోబలం కూడా. 1992లో నాలుగో ముద్రణ వచ్చేసరికి ఈ చివరి మూడూ ఎత్తేసి 9 మిగిల్చారు. ఆట వేగంగా సాగడానికి. సాగింది కూడా. కానీ పాతది చదువుతుంటే, ఒక జాతికి తెలివి ఎంతో అంకెలో అచ్చువేసిన పట్టిక కళ్ళ ముందు ఉంటుంది. మనలాంటివాళ్ళం అలాంటి పట్టికను మామూలుగా చదవలేం.

అయితే నాకు నిబంధనల కంటే సినారియోల మీద ఎక్కువ ఆసక్తి. సినారియో అంటే ఒక నిర్దిష్టమైన యుద్ధం: ఈ చోటు, ఈ ఇద్దరు, ఇంతమంది, ఎవరికి ఏం కావాలి, ఎప్పుడు గెలిచినట్టు. సమానమైన రెండు సైన్యాల్ని ఎదురెదురుగా పెట్టి కొట్టుకోమనడం వేరు, ఇది వేరు. మన పులిజూదం గుర్తు తెచ్చుకోండి. 3 పులులు, 15 మేకలు. బలాలు సమానం కాదు, పని కూడా ఒకటి కాదు. పులి దూకి మేకను తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి. మా అవ్వ ఇంటి అరుగు మీద బొగ్గుతో గీసి ఆడేది, ఎప్పుడూ మేకలే తీసుకునేది. పులులతో ఆడేవాడికి ఆట రానక్కరలేదని ఆమె ఉద్దేశం. ఆ గీత ఒక సినారియోనే.

ఇక వెతుకులాట. కొత్తవి సులువు. ఆ లోకాన్ని 2015లో కంపెనీయే కథలో నాశనం చేసేసి 'ఏజ్ ఆఫ్ సిగ్మర్' అని ఇంకో ఆట పెట్టింది, మళ్ళీ 2024లో 'ది ఓల్డ్ వరల్డ్' పేరుతో పాత లోకాన్ని తెచ్చింది. డబ్బుంటే అవి దొరుకుతాయి. 1980ల నాటివి దొరకవు. పెద్ద రూల్‌బుక్కులైనా ఏదో విధంగా నిలిచాయి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని ఎవరూ తొందరగా పారేయరు. సినారియోలు అలా కాదు. అవి పల్చటి పెట్టెల్లో, విడి కాగితాల్లో, 'వైట్ డ్వార్ఫ్' అనే మాసపత్రిక సంచికల్లో, కంపెనీ అచ్చువేసిన కాంపెండియంలలో, జర్నల్స్‌లో చెదిరిపోయి ఉన్నాయి. పెట్టెలో అట్ట ఇళ్ళు ఉంటాయి, కత్తిరించి మడిచి నిలబెట్టాలి. ఒకసారి ఆడితే కత్తిరించినట్టే. అంటే ఆ వస్తువును సరిగ్గా వాడితే అది పాడవుతుంది. పాడవకుండా మిగిలిన ప్రతి అంటే ఎవరూ ఆడని ప్రతి.

దీని గురించి ఆలోచిస్తే నాకు పీహెచ్‌డీ రోజులు గుర్తొస్తాయి. బ్రౌన్ దొర కడపలో పండితుల్ని కూర్చోబెట్టి, ఒకే కావ్యానికి పది చోట్ల నుంచి ప్రతులు తెప్పించి, ఒకదాని తప్పు ఇంకోదానితో దిద్దించాడు. మేం చేసిందీ అదే, పండితులు లేకుండా. జాంబపురాణం ఆడే చిందువాళ్ళ విషయంలో ఈ బాధ ఇంకోలా ఉంటుంది. అక్కడ ప్రతి ఉండేది మనిషిలో. మనిషి పోతే ప్రతి పోయినట్టే. అందుకే ప్రతి దొరికే వీలున్నప్పుడు వెతక్కుండా ఉండటం నాకు చేతకాదు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, విద్యార్థులు తప్పకుండా అడుగుతారు కనుక. ఆట ఆడే పద్ధతి మీద కాపీరైటు ఉండదు. దాన్ని చెప్పిన వాక్యాల మీద, గీసిన బొమ్మల మీద ఉంటుంది. మన 1957 చట్టం ప్రకారం రచయిత చనిపోయాక 60 ఏళ్ళు. ఆ లెక్కన ఈ పెట్టెలు మన జీవితకాలంలో అందరి సొత్తు కావు. కంపెనీ మళ్ళీ అచ్చు వేయదు, వేరేవాళ్ళని వేయనివ్వదు, పాతవి సేకరణ చేసేవాళ్ళ అద్దాల బీరువాల్లోకి పోయాయి. మాకు కావలసిన పెట్టెకి ఒక అమ్మకందారు చెప్పిన ధర విని మా పిల్లవాడు, "గంతల మా బాపుకు కొత్త బండి వస్తది" అన్నాడు.

చివరికి నగరంలోనే ఒకాయన దగ్గర ఉందని తెలిసింది. ఇంగ్లండులో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన మనిషి. గేటెడ్ కమ్యూనిటీలో పన్నెండో అంతస్తు. మర్యాదస్తుడే. ఫిల్టర్ కాఫీ ఇచ్చాడు. ఏ కాలేజీ, ఏ ఊరు, ఇంటిపేరు ఏమిటి అని అడిగాడు. చెప్పాను. అప్పటిదాకా నా వైపు జరుపుతూ వచ్చిన పెట్టెను తన ముందుకు లాక్కున్నాడు. "కాగితం పాతది కదండీ, పేజీలు నేను తిప్పుతాను, మీరు చూడండి" అన్నాడు. కాగితం నిజంగానే పాతది. నేను లాంగ్ నోట్‌బుక్ తీసి రాసుకోవడం మొదలుపెట్టాను. మూడు ఆదివారాలు వెళ్ళాను. ఆయన తిప్పాడు, నేను రాశాను. ఫోటో తీయొద్దన్నాడు, తీయలేదు. మ్యాపులు పెన్సిలుతో గీసుకున్నాను. మూడో ఆదివారం ఆయన అలిసిపోయి నోట్‌బుక్కులోకి వంగి చూసి, "మీరు తెలుగులో రాసుకుంటున్నారా!" అని ఆశ్చర్యపోయాడు. నా పిల్లలకి తెలుగులో కాక ఇంకెందులో ఆడించాలి? పాచికకు భాష ఏముంటుంది?

ఇప్పుడు ఆ పెట్టెలో ఏముందో చెప్తాను, అసలు విషయం అక్కడే ఉంది.

దాని పేరు 'బ్లడ్‌బాత్ ఎట్ ఓర్క్స్ డ్రిఫ్ట్'. రాసినవాళ్ళు జో డెవర్, గ్యారీ చాక్, ఇయాన్ పేజ్. కచాస్ కనుమ, ఆషక్ రైజ్, లిండెన్ వే అని మూడు చోట్ల వేర్వేరు పోరాటాలు. వాటి తర్వాత ఓర్క్స్ డ్రిఫ్ట్ దగ్గర చివరి ముట్టడి. డ్రిఫ్ట్ అంటే ఏరు దాటే రేవు. కొద్దిమంది లోపల, పెద్ద గుంపు బయట. ఓర్క్‌లంటే తెలుసు కదా: టోల్కీన్ పుస్తకాల నుంచి ఫాంటసీ అంతటా పాకిన జాతి, వార్‌హామర్‌లో పచ్చటి చర్మం, కోరలు, మోటు మాట. రాక్షసులు అని అనువదిస్తే మన పిల్లలకి వెంటనే అర్థమవుతుంది. నేను చేయలేదు. ఆ మాటతో మనకి ఇప్పటికే చాలా పాత బాకీలున్నాయి.

పేరు వినగానే ఇంగ్లండులో ఎవరికైనా ఇంకో పేరు గుర్తొస్తుంది: రోర్క్స్ డ్రిఫ్ట్. 1879 జనవరి 22, 23 తేదీలు. దక్షిణాఫ్రికాలో, బఫెలో నది ఒడ్డున, క్రైస్తవ మిషన్ వాళ్ళ రెండు ఇళ్ళు. ఒకటి ఆసుపత్రిగా, ఒకటి గోదాముగా మార్చారు. 150 మంది చిల్లర బ్రిటిష్ సైనికులు మక్కల బస్తాలు, బిస్కెట్ పెట్టెలు అడ్డం పేర్చుకొని, 3,000 నుంచి 4,000 దాకా ఉన్న జూలూ యోధుల్ని రాత్రంతా ఆపారు. 17 మంది బ్రిటిష్ వాళ్ళు చనిపోయారు. జూలూల శవాలు 350కి పైగా పూడ్చారు. తెల్లారాక మైదానంలో గాయపడి పడి ఉన్న జూలూలను చంపేశారు. ఈ పోరాటానికి 11 విక్టోరియా క్రాసులు ఇచ్చారు. 1964లో 'జూలూ' అని సినిమా వచ్చింది, బ్రిటన్‌లో ఒక తరం మొత్తం అది చూస్తూ పెరిగింది.

ఆ సినిమాలో తక్కువగా వినపడే సంగతులు కొన్ని ఉన్నాయి. యుద్ధం మొదలుపెట్టింది బ్రిటన్. 1878 డిసెంబరులో ఒప్పుకోలేని షరతులతో హెచ్చరిక పంపి, జనవరి 11న జూలూ దేశంలోకి చొరబడింది. రోర్క్స్ డ్రిఫ్ట్ జరిగిన రోజునే, కొద్ది మైళ్ళ దూరంలో, ఇసాండ్ల్వానా దగ్గర జూలూలు బ్రిటిష్ సైన్యాన్ని చిత్తుగా ఓడించారు. బ్రిటిష్ వైపు 1,300 మందికి పైగా చచ్చారు. అంత పెద్ద ఓటమి మీద పరదా కప్పడానికి ఆ చిన్న గెలుపు బాగా పనికొచ్చింది. అన్ని పతకాలు అందుకే అని నేననుకుంటాను, అలా అనుకునే చరిత్రకారులు చాలామందే ఉన్నారు. ఇసాండ్ల్వానా పేరుతో ఆట పెట్టె ఏదీ నాకు ఆ బీరువాలో కనపడలేదు.

జూలూలు తీసేసి అక్కడ ఓర్క్‌లను పెట్టారు. అంతే చేసింది. నిజం చెప్పాలంటే ఆ ముగ్గురు రచయితలు జూలూలను తిట్టాలని కూర్చొని రాశారని నేననను. చిన్నప్పుడు చూసిన సినిమాలో ముట్టడి బాగుంది, దాన్ని ఆటగా చేశారు, పేరులో ఒక శ్లేష దొరికింది, నవ్వుకున్నారు. ద్వేషం లేకుండానే జరిగిపోయింది. అదే నన్ను కూర్చోబెట్టి ఆలోచింపజేసింది. గోడ లోపలివాళ్ళకి పేర్లు, వృత్తులు, భయాలు ఉంటాయి. గోడ బయటివాళ్ళకి సంఖ్య ఉంటుంది. ఆ కాలంలోనే ఇదే కంపెనీ పిగ్మీల పేరుతో దళసరి పెదాలు, పుర్రెలు, ఎముకలతో నల్ల మనుషుల వెక్కిరింపు బొమ్మలు కూడా అమ్మింది. ఆ బొమ్మలు ఇవాళ కంపెనీ తలుచుకోదు. ఓర్క్‌లు మాత్రం ఇప్పటికీ అమ్ముడుపోతున్నాయి, ఎందుకంటే పచ్చ రంగు వేశారు.

తర్వాతి ముద్రణల్లో ఓర్క్‌ల కోసం ఒక నిబంధన ఉంది, మీలో ఉద్యమాల్లో పనిచేసేవాళ్ళు దాన్ని వినాలి. ప్రతి వంతు మొదట్లో ప్రతి ఓర్క్ దళానికీ ఒక పాచిక వేయాలి. 1 పడితే ఆ దళం శత్రువును వదిలేసి తనలో తాను, లేదా పక్క దళంతో, కొట్లాటకు దిగుతుంది. ఎల్ఫులకి ఈ పాచిక లేదు. మనుషుల సామ్రాజ్యానికి లేదు. ఓర్క్‌ల సేనాపతి ఎంత మంచి పథకం వేసినా ఆరింట ఒకసారి అతనివాళ్ళే చెడగొడతారు, అది వాళ్ళ స్వభావం అని పుస్తకం చెప్తుంది. క్లాసులో ఇది చదివి వినిపిస్తే వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి, "మేడమ్, మనోళ్ళ మీటింగుల గురించి గూడ గిట్లనే అంటరు గదా" అంది. అందరం నవ్వాం. ఆ తర్వాత చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు.

సరే, ఆట ఆడాలి. ఇలాంటి పెట్టెల్లో నడిపించేవాడికి ఒక పుస్తకం, ఆడేవాళ్ళకి విడివిడిగా కాగితాలు ఉంటాయి: నువ్వెవరు, నీకేం తెలుసు, నీకేం కావాలి. ఎదుటివాడి కాగితం చూడకూడదు. పన్నెండో అంతస్తు పెట్టెలో విడి కాగితాలు కొన్ని లేవు. ఓర్క్‌ల వైపు ఆడేవాళ్ళకి ఇవ్వాల్సినవి వాటిలో ఉన్నాయి. నాటింగ్‌హామ్‌లో ఎమ్మెస్సీ చదువుతూ రాత్రిపూట గోదాములో పనిచేసే నా పాత విద్యార్థి ఒకడున్నాడు. వాడికి ఫోన్ చేశాను. "మేడమ్, ఈ బొమ్మల కంపెనీ ఆఫీసు ఈ ఊర్లనే ఉన్నది, నా బస్సు దాని దగ్గరి నుంచే పోతది" అని గంతులేశాడు. సెలవు రోజున పక్క ఊళ్ళో పాత ఆటల సంత జరిగితే వెళ్ళి, బల్లల కింద అట్టపెట్టెల్లో తవ్వి, అదే పెట్టె ఇంకోటి పట్టుకున్నాడు. మూత చిరిగిపోయి, ఇళ్ళన్నీ కత్తిరించేసి ఉంది కనుక చవకగా ఇచ్చారట. వీడియో కాల్‌లో ఒక్కో కాగితం చూపించాడు. దాంతో నా నోట్‌బుక్కులో ఖాళీలు చాలావరకు నిండాయి. ఓర్క్‌ల కాగితాలు అందులోనూ లేవు. ఆ రోజుల్లో ఓర్క్‌లు ఆడినవాళ్ళు జేబులో పెట్టుకొని ఇంటికి పోయి ఉంటారు.

ఇంకో ఏడాది వెతకొచ్చు. మా పిల్లలు అన్నారు, "మనమే రాద్దాం మేడమ్."

మొదట నేను ఒప్పుకోలేదు. పరిష్కర్త అనేవాడు పోయిన పద్యాన్ని తను రాసి చేర్చకూడదు, అది మా వృత్తిలో మొదటి పాఠం. వాళ్ళ వాదన వేరు. "అసలు కాగితం ఇదేనని చెప్తలేం గదా మేడమ్. పైన మా పేర్లు రాస్తం." దీనికి జవాబు లేదు. పేరు పెట్టి, తేదీ వేసి రాసినది ప్రక్షిప్తం ఎలా అవుతుంది?

ఆరుగురు కూర్చొని రెండు వారాలు రాశారు. ముందు ప్రశ్నలు పుట్టాయి. ఓర్క్‌లు ఈ రేవుకే ఎందుకు వస్తున్నారు? చంపడానికి అంటే సరిపోదు, చంపడానికి ఎటైనా పోవచ్చు. ఆ రేవు దాటితే ఏముంది? అక్కడ ఇల్లు కట్టకముందు ఎవరు దాటేవాళ్ళు? ఒక పిల్లవాడు ఏకంగా వాళ్ళ ఊరి కథ తెచ్చాడు. ఓపెన్‌కాస్ట్ కోసం తీసుకున్న భూమిలో వాళ్ళ తాత సమాధి ఉండేదట, ఇప్పుడక్కడ మట్టిగుట్ట ఉందట. చివరికి కాగితం మీదికి వచ్చినది ఇది: ఓర్క్‌లలో మూడు తెగలు. ఒక తెగకి రేవు అవతల పాత శ్మశానానికి పోవాలి. ఇంకో తెగకి గోదాములో గింజలు కావాలి, ఆకలిగా ఉన్నారు. మూడో తెగకి నిజంగానే కొట్లాట కావాలి. "అందరు మంచోళ్ళే అని రాస్తే అబద్ధం అయితది" అని ఆ మూడోదాన్ని పట్టుబట్టి పెట్టించింది వెనక బెంచీ అమ్మాయే. కొట్లాట పాచిక తీసేయాలని కొందరన్నారు. ఆమె వద్దంది. పాచిక ఉండనీ, రెండు వైపులా ఉండనీ అంది. బిస్కెట్ పెట్టెల వెనక భయంతో నక్కినవాళ్ళలో మాత్రం తగాదాలు రావా? అలా గోడ లోపలివాళ్ళకీ 1 పడితే కొట్లాట వచ్చే నిబంధన చేరింది. నాకు ఈ మొత్తం పనిలో అన్నిటికంటే నచ్చిన సవరణ ఇదే.

బొమ్మలు కొనే స్తోమత మాకు లేదు. చింతగింజలు ఓర్క్‌లు, అరగదీసిన వైపు తెల్లగా కనపడేవి నాయకులు. సోడా మూతలు లోపలివాళ్ళు. అగ్గిపెట్టెలతో గోదాము, ఆసుపత్రి. ఏరుకి నీలం చున్నీ. శనివారం మధ్యాహ్నం రెండింటికి సెమినార్ హాలులో మొదలుపెడితే వాచ్‌మన్ వచ్చి తాళం వేస్తాననేదాకా ఆడారు. ఆరో వంతులో గోడ లోపల సోడా మూతలకి 1 పడింది. గోదాము కాపలా దళం, ఆసుపత్రి దళం కలబడ్డాయి. హాలంతా ఈలలు. ఆ సందులోంచి మొదటి తెగ చున్నీ దాటి, ఎవర్నీ కొట్టకుండా, బల్ల అవతలి అంచుకి చేరి శ్మశానం దగ్గర ఆగింది. వాళ్ళ కాగితం ప్రకారం గెలిచినట్టే. గోదాము మాత్రం పడలేదు. అంటే లోపలివాళ్ళూ గెలిచారు. ఇద్దరూ గెలిస్తే ఎట్లా అని బీకాం పిల్లవాడు గోల. గెలుపు షరతులు రాసింది వాళ్ళే, నన్నడిగితే ఏం లాభం?

తర్వాత ఏది ఆడాలన్నదాని మీద నాకు అనుమానమేమీ లేకపోయింది, ఎందుకంటే అదే వరసలో 1986లో వచ్చిన ఇంకో పెట్టె వివరాలు నాటింగ్‌హామ్ తమ్ముడు అప్పటికే పంపాడు. దాని పేరు 'ది ట్రాజెడీ ఆఫ్ మెక్‌డెత్'. హాలివెల్ రాశాడు. పేరు చూస్తేనే తెలుస్తుంది, షేక్‌స్పియర్ మాక్‌బెత్‌కి వెక్కిరింపు. మా ఇంగ్లీషు లెక్చరర్ దాని కోసమే రానని చెప్పిన ఆటకి వస్తానన్నాడు. కానీ నా కళ్ళు ఆగినది వేరే చోట. అందులో గనుల్లో పనిచేసే డ్వార్ఫులు ఉన్నారు (మరుగుజ్జులు అనే మాట నేను వాడను, కారణం చెప్పనక్కరలేదు). వాళ్ళ నాయకుడి పేరు ఆర్కా జార్గుల్. అతనికి ఎదురు నిలిచే ఇంకో డ్వార్ఫు పేరు ఈన్ మెక్‌రెకర్.

ఆర్థర్ స్కార్గిల్ పేరు విన్నారా? 1984 మార్చి నుంచి 1985 మార్చి దాకా సాగిన బ్రిటిష్ బొగ్గు గని కార్మికుల సమ్మె నాయకుడు. ఇయాన్ మెక్‌గ్రెగర్ అప్పటి జాతీయ బొగ్గు బోర్డు అధిపతి, థాచర్ ప్రభుత్వం గనులు మూయించడానికి పెట్టుకున్న మనిషి. ఏడాది పాటు జీతాలు లేకుండా, ఆడవాళ్ళు వంటశాలలు నడిపి ఊళ్ళకి ఊళ్ళు నిలబెడితే, చివరికి సమ్మె ఓడిపోయింది. ఇక్కడ గమనించాల్సింది: ఈ ఆటల కంపెనీ ఉన్న నాటింగ్‌హామ్‌షైర్‌లోనే గని కార్మికుల్లో ఎక్కువమంది సమ్మెలో దిగకుండా పనికి వెళ్ళారు, 1985లో వేరే యూనియన్ పెట్టుకున్నారు. సిటడెల్ మొదలైన న్యూఆర్క్ ఊరు ఆ జిల్లాలోదే. అంటే ఆ పెట్టెను రాసినవాళ్ళు, బొమ్మలు పోసినవాళ్ళు, చీలిపోయిన ఊళ్ళ మధ్య బతుకుతూ, సమ్మె ముగిసిన మరుసటి ఏడాదే దాన్ని డ్వార్ఫుల తగాదాగా ఆటలో పెట్టారు. వెక్కిరింపే, ఇద్దరినీ వెక్కిరించారు. అయినా సమ్మెను ఆటలో పెట్టాలని తోచింది చూడండి. జూలూలకి దొరకనిది డ్వార్ఫులకి దొరికింది: ఒక పేరున్న నాయకుడు, ఒక కోరిక, ఒక తగాదా. ఎందుకంటే వాళ్ళు రాసేవాళ్ళ పక్కింటివాళ్ళు.

ఇది క్లాసులో చెప్పినప్పుడు పిల్లలకి టిప్పణి అక్కరలేకపోయింది. సమ్మె, మస్టరు, బాయి మూసివేత, ఆ మాటలు వాళ్ళ ఇళ్ళల్లో అన్నంతో పాటు వినేవి. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి ఆగినప్పుడు వీళ్ళు చిన్నపిల్లలు. ఆ నెల ఇంట్లో ఏం వండారో కొందరికి ఇంకా గుర్తుంది.

వచ్చే శనివారం ఆట. జార్గుల్ వైపు ఆడతామని పదకొండు మంది పేర్లిచ్చారు. మెక్‌రెకర్ వైపు ఒక్కరూ ఇవ్వలేదు. నేను ఆడతానంటే మేడమ్ ఆడకూడదన్నారు. చీటీలు వేశాం. రిటైరైన ఫిల్లరు కొడుకు, మా బీకాం పిల్లవాడి పేరు వచ్చింది. చీటీ చాలాసేపు చేతిలో పట్టుకున్నాడు. తర్వాత వచ్చి, "మేడమ్, ఆయిన కాగితం నేను రాసుకోవచ్చా?" అని అడిగాడు. రాసుకోమన్నాను. నిన్న రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో నాలుగు పేజీలు పంపాడు. ఇంకా చదువుతున్నాను.